కంటైనర్ల ఇటరేషన్‌లో భద్రత, ఆబ్జెక్టుల జీవితకాలం

ప్రోగ్రామింగ్‌లో అనేక విలువలను ఒకచోట చేర్చి ఉంచే డేటా నిర్మాణాన్ని కంటైనర్ అంటారు. అర్రే, లిస్ట్, వెక్టర్, సెట్, మ్యాప్ దీనిలో రకాలు. కంటైనర్‌లోని మూలకాలను ఒకదాని తర్వాత ఒకటిగా చూసుకుంటూ పోవడం ఇటరేషన్. ఆ నడకలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుంచుకునేది ఇటరేటర్. నడక సాగుతుండగా కంటైనర్‌లో కొత్త మూలకాలు చేరవచ్చు, ఉన్నవి పోవచ్చు, కంటైనరే అంతరించవచ్చు. అప్పుడు ఇటరేటర్ పట్టుకున్న గుర్తు ఇంకా చెల్లుతుందా అన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఆబ్జెక్ట్ ఎప్పుడు పుడుతుంది, ఎప్పుడు నశిస్తుంది అనే జీవితకాల నియమాలకూ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. అయినా రెండూ ఒకటి కావు.

## రెండు వేర్వేరు లోపాలు

ఇటరేషన్ మధ్యలో కంటైనర్ మారితే రెండు రకాల తప్పులు జరుగుతాయి. పాఠ్యపుస్తకాలు తరచూ వీటిని కలిపేసి చెబుతాయి.

మొదటిది స్థాన లోపం. ఇటరేటర్ గుర్తుపెట్టుకున్న చోటు అలాగే ఉంటుంది, కానీ అక్కడ ఇప్పుడు వేరే మూలకం ఉంటుంది. ఫలితంగా కొన్ని మూలకాలను చూడకుండానే దాటిపోతాం, లేదా ఒకే మూలకాన్ని రెండుసార్లు చూస్తాం. మెమరీకి ఏ హానీ జరగదు, ప్రోగ్రామ్ ఆగిపోదు, జవాబు మాత్రం తప్పుతుంది.

రెండోది జీవితకాల లోపం. ఇటరేటర్ గానీ పాయింటర్ గానీ సూచిస్తున్న ఆబ్జెక్ట్ అప్పటికే నశించి ఉంటుంది. దాని మెమరీని సిస్టమ్ వెనక్కి తీసుకుని మరో పనికి ఇచ్చేసి ఉండవచ్చు. అలాంటి పాయింటర్‌ను డ్యాంగ్లింగ్ పాయింటర్ అని, దాని ద్వారా మెమరీని తాకడాన్ని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అని అంటారు.

గార్బేజ్ కలెక్షన్ ఉన్న భాషల్లో రెండోది దాదాపు ఉండదు, మొదటిది మాత్రం పూర్తిగా మిగిలే ఉంటుంది. జావాలోనో పైథాన్‌లోనో రాస్తున్నాం కనుక ఈ సమస్య మనకు లేదనుకోవడం సగమే నిజం.

## చరిత్ర

ఇటరేషన్‌ను భాషలో ఒక ప్రత్యేక నిర్మాణంగా తీసుకొచ్చిన తొలి భాషల్లో క్లూ ముఖ్యమైనది. 1970ల మధ్యలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బార్బరా లిస్కోవ్ బృందం దీన్ని తయారుచేసింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆల్ఫార్డ్ భాషలోని జనరేటర్లు ఆ బృందానికి ప్రేరణ. క్లూలో ఇటరేటర్ అంటే విలువలను ఒక్కొక్కటిగా లూప్‌కు అందించే ప్రత్యేక ప్రొసీజర్. కంటైనర్ లోపలి అమరిక బయటి కోడ్‌కు తెలియనక్కర్లేదన్నది దాని వెనకున్న ఉద్దేశం. లోపలి అమరిక కనబడకపోయేసరికి, లూప్ మధ్యలో ఆ అమరిక మారితే ఏమవుతుందో కూడా పైనుంచి చూసేవారికి తెలియకుండా పోయింది.

దాదాపు అదే కాలంలో డేటాబేస్ రంగంలో ఇదే సమస్య వేరే రూపంలో బయటపడింది. ఐబీఎమ్‌లో సిస్టమ్ ఆర్ ప్రాజెక్టుపై పనిచేస్తున్న డాన్ చాంబర్లిన్, పాట్ సెలింజర్, మోర్టన్ అస్ట్రహాన్ 1976 ప్రాంతంలో, 25,000 డాలర్ల కంటే తక్కువ జీతం ఉన్న ఉద్యోగులందరికీ 10 శాతం పెంచే క్వెరీని పరిశీలించారు. క్వెరీ ఏ ఎర్రర్ లేకుండా ముగిసింది. తీరా చూస్తే పట్టికలో ఒక్కరి జీతం కూడా 25,000 కంటే తక్కువ లేదు. డేటాబేస్ జీతాల ఇండెక్స్ వెంట తక్కువ నుంచి ఎక్కువకు నడుస్తోంది. జీతం పెరిగిన ప్రతి రికార్డూ ఇండెక్స్‌లో ముందుకు జరిగి, ఇంకా చూడాల్సిన భాగంలోకి వచ్చి పడుతోంది. నడక అక్కడికి చేరాక అదే రికార్డుకు మళ్లీ 10 శాతం కలుస్తోంది. జీతం 25,000 చేరేదాకా ఇదే తంతు. హాలోవీన్ పండుగ రోజున కనబడింది గనుక దీనికి హాలోవీన్ సమస్య అనే పేరు స్థిరపడింది. మార్చాల్సిన రికార్డులన్నిటినీ ముందు పూర్తిగా గుర్తించి, ఆ తర్వాతే మార్పులు చేయడం దీనికి పరిష్కారం. నేటి డేటాబేస్‌లు అవసరమైన చోట ఈ జాగ్రత్తను తామే తీసుకుంటాయి. మెమరీ లోపం ఛాయ కూడా లేని స్వచ్ఛమైన స్థాన లోపానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

1994లో వెలువడిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథం ఇటరేటర్‌ను ఒక ప్రామాణిక నమూనాగా నమోదు చేసింది. చేర్పులూ తొలగింపులూ జరిగినా నడక చెడకుండా చూసుకునే ఇటరేటర్‌కు అందులో దృఢ ఇటరేటర్ అనే అర్థంలో ప్రత్యేకంగా పేరు పెట్టారు. అదే ఏడాది జూలైలో సి++ ప్రమాణ సంఘం, హ్యూలెట్ ప్యాకార్డ్‌లో అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రూపొందించిన స్టాండర్డ్ టెంప్లేట్ లైబ్రరీని ఆమోదించింది. ఏ చర్య తర్వాత ఏ ఇటరేటర్ చెల్లుతుందో కంటైనర్ వారీగా నిర్దేశించే సంప్రదాయం ఈ లైబ్రరీతోనే బలపడింది. 1998 డిసెంబర్‌లో విడుదలైన జావా 1.2లో జాషువా బ్లాక్ రూపకల్పన చేసిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్ మరో దారి పట్టింది. నియమాలను ప్రోగ్రామర్‌కు అప్పగించి ఊరుకోకుండా, ఉల్లంఘన జరిగినప్పుడు లైబ్రరీయే పట్టుకోవాలన్నది ఆ దారి.

## ఆబ్జెక్ట్ జీవితకాలం

జీవితకాలం అంటే ఆబ్జెక్ట్ నిర్మాణం పూర్తయిన క్షణం నుంచి దాని విధ్వంసం మొదలయ్యే క్షణం దాకా ఉన్న వ్యవధి. సి, సి++ వంటి భాషల్లో ఆబ్జెక్ట్ ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి ఈ వ్యవధి మారుతుంది. ఫంక్షన్ లోపల ప్రకటించిన చలరాశి తన బ్లాకు ముగియగానే నశిస్తుంది. గ్లోబల్ చలరాశి ప్రోగ్రామ్ ముగిసేదాకా ఉంటుంది. హీప్ మీద అడిగి తీసుకున్నది తిరిగి ఇచ్చేదాకా బతుకుతుంది. వీటికి తోడు, ఒక వ్యక్తీకరణను లెక్కిస్తుండగా పుట్టి సాధారణంగా ఆ వాక్యంతోనే పోయే తాత్కాలిక ఆబ్జెక్టులు ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేవి ఇవే.

హీప్ మెమరీని ఎవరు, ఎప్పుడు విడుదల చేయాలన్న ప్రశ్నకు మూడు ప్రధాన సమాధానాలు ఉన్నాయి. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషపై రాసిన పత్రంలో గార్బేజ్ కలెక్షన్‌ను వివరించారు. చేరుకునే దారి ఏదీ మిగలని ఆబ్జెక్టులను సిస్టమే ఏరివేస్తుంది. అదే ఏడాది జార్జ్ కాలిన్స్ రిఫరెన్స్ కౌంటింగ్‌ను ప్రతిపాదించారు. ఒక ఆబ్జెక్ట్‌ను ఎంతమంది పట్టుకుని ఉన్నారో లెక్క ఉంచి, ఆ లెక్క సున్నా కాగానే విడుదల చేయడం ఆ పద్ధతి. మూడోది యాజమాన్యం. ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఒక యజమాని ఉంటాడు, యజమానితోపాటు ఆబ్జెక్టూ పోతుంది. సి++ డిస్ట్రక్టర్లు, రస్ట్ భాషలోని ఓనర్‌షిప్ ఈ మూడో దారివి.

కంటైనర్ తనలోని మూలకాలకు యజమాని. లోపలి మూలకానికి బయట ఎవరైనా పాయింటర్ దాచుకుంటే వారు యజమానులు కారు, అరువుకు తెచ్చుకున్నవారు. మూలకం ఎప్పుడు పోతుందో చెప్పే అధికారం వారికి ఉండదు.

## సి++ లో చెల్లుబాటు నియమాలు

ఈ భాషలో ఇటరేటర్ సాధారణంగా పాయింటర్‌కు సన్నని పైతొడుగు మాత్రమే. అందుకే కంటైనర్ లోపలి అమరిక తెలియనిదే దీని నియమాలు అర్థం కావు.

వెక్టర్ తన మూలకాలను మెమరీలో ఒకే వరుసలో పక్కపక్కనే పెడుతుంది. కేటాయించిన స్థలం నిండిపోయాక మరో మూలకాన్ని చేర్చబోతే మరింత పెద్ద స్థలం తీసుకుని, పాతవన్నిటినీ అక్కడికి తరలించి, పాత స్థలాన్ని విడుదల చేస్తుంది. జీసీసీ కంపైలర్‌తో వచ్చే లైబ్రరీ ఈ పెరుగుదలకు రెట్టింపు సూత్రాన్ని, మైక్రోసాఫ్ట్ లైబ్రరీ ఒకటిన్నర రెట్ల సూత్రాన్ని వాడతాయి. తరలింపు జరిగితే పాత ఇటరేటర్లు, పాయింటర్లు, రిఫరెన్స్‌లు అన్నీ చెల్లకుండా పోతాయి. స్థలం మిగిలి ఉంటే మాత్రం చివర చేర్చడం వల్ల ముందున్న మూలకాల ఇటరేటర్లకు ఏమీ కాదు. ఈ ‘మాత్రం’ వల్లే ఈ లోపం పరీక్షల్లో దాక్కుంటుంది. నాలుగైదు మూలకాలతో పరీక్షించినప్పుడు స్థలం సరిపోతుంది, వాడకంలోకి వెళ్లి డేటా పెరిగాక కూలుతుంది. రిజర్వ్ ఫంక్షన్‌తో ముందే స్థలం తీసుకుంటే ఆ పరిమితి దాటనంతవరకు తరలింపు ఉండదని ప్రమాణం హామీ ఇస్తుంది.

వెక్టర్ నుంచి ఒక మూలకాన్ని ఎరేజ్ ఫంక్షన్‌తో తొలగిస్తే దాని వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి. తొలగించిన చోటు నుంచి చివరిదాకా ఉన్న ఇటరేటర్లు చెల్లవు, ముందున్నవి చెల్లుతాయి. లూప్‌లో ఎరేజ్ చేశాక మామూలుగా ఇటరేటర్‌ను పెంచితే నియమం తప్పినట్టే. ఆచరణలో ముందుకు జరిగిన మూలకాన్ని చూడకుండా దాటేస్తాం, తొలగించింది చివరిదైతే ముగింపు గుర్తును కూడా దాటి బయటికి పోతాం. ఎరేజ్ తిరిగి ఇచ్చే కొత్త ఇటరేటర్‌ను పట్టుకుని, తొలగించని సందర్భంలోనే పెంచడం సరైన పద్ధతి. అయితే ప్రతి తొలగింపుకూ మిగతావన్నీ జరగాలి కనుక పెద్ద వెక్టర్‌లో ఇది ఖరీదైన పని. ఉంచాల్సినవాటిని ఒకే నడకలో ముందుకు చేర్చి, తోకను ఒక్కసారి కత్తిరించే రిమూవ్–ఎరేజ్ పద్ధతి అందుకే వాడుకలోకి వచ్చింది. సి++20లో ఈ రెండు అడుగులనూ కలిపి ఎరేజ్_ఇఫ్ అనే ఒకే ఫంక్షన్‌గా ఇచ్చారు.

లింక్డ్ లిస్ట్‌లో ప్రతి మూలకం విడి నోడ్‌లో ఉంటుంది. చేర్చడం వల్ల ఏ ఇటరేటరూ చెడదు, తొలగిస్తే ఆ ఒక్క మూలకానిదే చెడుతుంది. మ్యాప్, సెట్‌లకూ ఇదే నియమం. అయితే 1998 ప్రమాణంలో మ్యాప్ ఎరేజ్ ఏమీ తిరిగి ఇచ్చేది కాదు. తొలగించే ముందే ఇటరేటర్‌ను తర్వాతి మూలకానికి జరిపి, పాత విలువను ఎరేజ్‌కు అందించే పోస్ట్ ఇంక్రిమెంట్ చిట్కా అప్పటి కోడ్‌లో విరివిగా కనిపిస్తుంది. సి++11 నుంచి మ్యాప్ ఎరేజ్ కూడా తర్వాతి ఇటరేటర్‌ను ఇస్తోంది.

డెక్, అనార్డర్డ్ మ్యాప్‌ల నియమాలు వెక్టర్, లింక్డ్ లిస్ట్ నియమాలకు మధ్యలో ఉంటాయి. డెక్‌కు ఏ చివర చేర్చినా ఇటరేటర్లు చెల్లవు, కానీ మూలకాలకు ఉన్న రిఫరెన్స్‌లు చెల్లుతాయి. మూలకాలు తమ బ్లాకుల్లో కదలకుండా ఉంటాయి, ఆ బ్లాకుల చిరునామాల పట్టిక మాత్రమే మారుతుంది. అనార్డర్డ్ మ్యాప్ రీహ్యాష్ అయినప్పుడు కూడా అంతే, మూలకం ఉన్నచోటే ఉంటుంది, నడిచే క్రమం తారుమారవుతుంది. ఆబ్జెక్ట్ బతికే ఉండి, స్థానం మాత్రం అర్థం కోల్పోవచ్చని ఈ రెండూ చూపిస్తాయి. రెండు కంటైనర్లను స్వాప్ చేసినప్పుడు వచ్చే ఫలితం ఇంకా విచిత్రం. సాధారణంగా పాత ఇటరేటర్లు చెల్లుతూనే ఉంటాయి, కాకపోతే అవి ఇప్పుడు రెండో కంటైనర్‌కు చెందుతాయి. స్ట్రింగ్‌కు ఈ హామీ లేదు, ఎందుకంటే చిన్న స్ట్రింగ్‌ల అక్షరాలను చాలా లైబ్రరీలు ఆ ఆబ్జెక్ట్ లోపలే దాస్తాయి.

సి++11లో వచ్చిన రేంజ్ ఆధారిత ఫర్ లూప్ మొదలు, ముగింపు గుర్తులను ఒక్కసారే లెక్కించి దాచుకుంటుంది. లూప్ లోపల వెక్టర్‌కు మూలకాలు చేర్చితే ఆ దాచుకున్న గుర్తులు పాడవుతాయి. లూప్ రాత ఎంత శుభ్రంగా ఉంటే లోపలి ఇటరేటర్ అంత కనిపించకుండా పోతుంది, కనుక ఈ తప్పు సులభంగా దొర్లుతుంది. దీని వెనక మరో లోతైన గొయ్యి ఉండేది. ఒక ఫంక్షన్ విలువగా ఇచ్చిన తాత్కాలిక ఆబ్జెక్ట్ మీద మరో ఫంక్షన్‌ను పిలిచి, దాని లోపలి జాబితాకు రిఫరెన్స్ తీసుకుని దాని మీద లూప్ నడిపితే, ఆ తాత్కాలిక ఆబ్జెక్ట్ మొదటి అడుగు పడకముందే నశించేది. ఫంక్షన్ నేరుగా జాబితానే విలువగా ఇస్తే దాని జీవితకాలం లూప్ చివరిదాకా పొడిగించబడేది. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ రెండు లూపుల్లో ఒకటి సురక్షితంగా ఉండేది, మరొకటి కాదు. సి++23లో నియమాన్ని మార్చి, లూప్ శీర్షికలో పుట్టిన తాత్కాలికాలన్నీ లూప్ ముగిసేదాకా బతికేలా చేశారు. పన్నెండేళ్ల పాటు భాషలో ఉన్న ఈ లోపాన్ని ప్రోగ్రామర్ల అజాగ్రత్త అనడం న్యాయం కాదు.

సి++17లోని స్ట్రింగ్ వ్యూ, సి++20లోని స్పాన్ కూడా అరువు రకాలే. వాటికి సొంత మెమరీ లేదు, తాత్కాలిక స్ట్రింగ్ మీద తీసిన వ్యూ ఆ వాక్యం దాటితే డ్యాంగ్లింగ్ అవుతుంది.

## నడుస్తున్నప్పుడు పట్టుకునే భాషలు

జావాలోని అర్రేలిస్ట్ తన నిర్మాణం మారిన ప్రతిసారీ ఒక లెక్కను పెంచుకుంటుంది. ఇటరేటర్ తాను పుట్టినప్పటి లెక్కను దాచుకుని, ప్రతి అడుగులోనూ పోల్చి చూస్తుంది. తేడా కనబడితే కంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ విసురుతుంది. పేరులో కంకరెంట్ అని ఉన్నా ఇది ఎక్కువగా ఎదురయ్యేది ఒకే థ్రెడ్ నడిచే ప్రోగ్రాముల్లోనే. ఈ ప్రవర్తనను ఫెయిల్ ఫాస్ట్ అంటారు. తొలగించాలంటే ఇటరేటర్ సొంత రిమూవ్ పద్ధతిని గానీ, 2014లో జావా 8తో వచ్చిన రిమూవ్ఇఫ్‌ను గానీ వాడాలి.

ఇది హామీ కాదు, సాధ్యమైనంతవరకు చేసే ప్రయత్నం మాత్రమేనని జావా పత్రాలే చెబుతాయి. మూడు మూలకాల అర్రేలిస్ట్‌లో లూప్ రెండో మూలకం దగ్గర ఉండగా దాన్ని నేరుగా జాబితా నుంచి తొలగిస్తే, ఇంకా ఏమైనా మిగిలిందా అనే పరీక్ష స్థానాన్ని కొత్త పరిమాణంతో పోలుస్తుంది. స్థానం 2, పరిమాణం 2, కనుక అయిపోయిందనుకుని లూప్ మౌనంగా ముగుస్తుంది. మూడో మూలకాన్ని ఎవరూ చూడరు, ఎక్సెప్షన్ కూడా రాదు.

సి షార్ప్‌లోని లిస్ట్ ఇదే తరహాలో వెర్షన్ సంఖ్యను ఉంచుకుంటుంది. డాట్ నెట్ కోర్ 3.0 నుంచి డిక్షనరీలో మాత్రం నడక మధ్యలో రిమూవ్, క్లియర్ చేసినా ఎక్సెప్షన్ రాకుండా సడలించారు.

పైథాన్ లిస్ట్‌కు ఇలాంటి కాపలా లేదు. దాని ఇటరేటర్ ఒక ఇండెక్స్‌ను పెంచుకుంటూ పోతుంది. [1, 2, 2, 3] అనే లిస్ట్ మీద నడుస్తూ 2 కనబడినప్పుడల్లా తొలగిస్తే చివరికి [1, 2, 3] మిగులుతుంది. బస్సు కండక్టరు సీట్ల నంబర్ల వారీగా టికెట్లు కొడుతూ పోతుంటే, టికెట్ తీసుకున్నవాడు దిగిపోయి వెనకవాళ్లంతా ఒక్కో సీటు ముందుకు జరిగినట్టుగా ఉంటుంది, జరిగి వచ్చినవాడు టికెట్ లేకుండానే ప్రయాణిస్తాడు. డిక్షనరీ విషయంలో పైథాన్ కఠినంగానే ఉంటుంది. నడకలో పరిమాణం మారితే రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తుంది. 2008లో పైథాన్ 3 వచ్చినప్పుడు కీస్ పద్ధతి విడి లిస్ట్‌కు బదులు సజీవ వ్యూను ఇవ్వడం మొదలుపెట్టింది. పైథాన్ 2లో తెలియకుండానే నకలు మీద నడుస్తూ క్షేమంగా ఉన్న లూపులు ఆ మార్పుతో ఎర్రర్లు ఇచ్చాయి.

మార్పులను నిషేధించకుండా, వాటికి స్పష్టమైన అర్థం నిర్ణయించిన భాషలూ ఉన్నాయి. జావాస్క్రిప్ట్ మ్యాప్‌లో ఇంకా చూడని మూలకాన్ని తొలగిస్తే అది ఇక రాదు, నడకలో చేర్చింది తప్పక వస్తుంది. గో భాషలో మ్యాప్‌కు నడకలో చేర్చిన మూలకం రావచ్చు, రాకపోవచ్చు. వెబ్ పేజీల్లో తరచూ ఎదురయ్యే చిక్కు వేరు. క్లాస్ పేరుతో వెతికే పాత పద్ధతి సజీవ జాబితాను ఇస్తుంది. దాని మీద నడుస్తూ ఆ క్లాస్ పేరును తీసేస్తే జాబితా కుంచించుకుపోయి ప్రతి రెండో మూలకం తప్పిపోతుంది. క్వెరీ సెలెక్టర్ ఆల్ ఇచ్చేది స్థిరమైన జాబితా కనుక అక్కడ ఈ ఇబ్బంది లేదు.

## కంపైలర్ అడ్డుకునే పద్ధతి

2015 మే 15న 1.0గా విడుదలైన రస్ట్ ఈ సమస్యను కంపైల్ దశలోనే ఆపుతుంది. ఒక విలువను ఒకే సమయంలో ఎంతమందైనా చదవడానికి అరువు తీసుకోవచ్చు, లేదా ఒక్కరే మార్చడానికి అరువు తీసుకోవచ్చు. రెండూ కలిసి ఉండకూడదు. వెక్టర్ మీద రిఫరెన్స్ ద్వారా నడిచే లూప్ ఆ వెక్టర్‌ను లూప్ ముగిసేదాకా అరువు తీసుకుంటుంది. ఆ లూప్ లోపల వెక్టర్‌కు మూలకం చేర్చడానికి మార్చే అరువు కావాలి, అది దొరకదు, ప్రోగ్రామ్ కంపైల్ కాదు. అరువు దాని యజమాని కంటే ఎక్కువ కాలం బతకకూడదన్న నియమం జీవితకాల లోపాన్ని అదే దెబ్బతో ఆపేస్తుంది. తొలగింపుల కోసం రిటెయిన్ పద్ధతిని ఇచ్చారు.

ఈ నియమం వల్ల నిజానికి సురక్షితమైన కొన్ని ప్రోగ్రాములు కూడా తిరస్కారానికి గురవుతాయి. గ్రాఫ్‌ల వంటి పరస్పర సంబంధాల నిర్మాణాలను రాసేవారు దీన్ని మొదట భరించలేకపోతారు. వారు పాయింటర్ల బదులు ఇండెక్స్‌లను దాచుకోవడం మామూలు. కానీ ఇండెక్స్ అరువు కాదు కాబట్టి కంపైలర్ దాన్ని గమనించదు. మెమరీ భద్రత చెక్కుచెదరదు, స్థాన లోపం మాత్రం పక్క తలుపు నుంచి లోపలికి వస్తుంది. దీనికి విరుగుడుగా గేమ్ ఇంజిన్లలో ప్రతి గడికీ ఒక తరం సంఖ్యను జోడించే పద్ధతి ఉంది. గడి ఖాళీ అయి మళ్లీ నిండినప్పుడు ఆ సంఖ్య పెరుగుతుంది. పాత తరం సంఖ్యతో వచ్చిన హ్యాండిల్ చెల్లదని వెంటనే తేలిపోతుంది.

## నకలు మీద నడక

కంటైనర్‌కు నకలు తీసి దాని మీద నడవడం అన్నిటికంటే సరళమైన రక్షణ. స్విఫ్ట్ అర్రేలు విలువ రకాలు కాబట్టి ఫర్ లూప్ సహజంగానే లూప్ మొదలైనప్పటి విలువ మీద నడుస్తుంది. పీహెచ్‌పీలో విలువ ద్వారా నడిచే ఫర్‌ఈచ్ కూడా అంతే. రెండింటిలోనూ మార్పు జరిగినప్పుడే అసలు నకలు తయారవుతుంది కనుక మామూలు లూపులకు ఖర్చు పడదు. 2004లో జావా 5తో వచ్చిన కాపీఆన్‌రైట్ అర్రేలిస్ట్ ప్రతి మార్పుకూ మొత్తం అర్రేను నకలు తీస్తుంది. చదవడం ఎక్కువ, రాయడం అరుదు అయిన చోటే ఇది నప్పుతుంది.

నకలు స్థానాలను కాపాడుతుంది. నకలులో ఉన్నవి పాయింటర్లయితే అవి సూచించే ఆబ్జెక్టులను మాత్రం కాపాడదు. ఈవెంట్ శ్రోతల జాబితా దీనికి నిత్యం ఎదురయ్యే ఉదాహరణ. ఒక సంఘటన జరిగినప్పుడు జాబితాలోని శ్రోతలందరినీ వరుసగా పిలుస్తారు. పిలిచిన శ్రోత తన పేరు తీసేయమని కోరవచ్చు, మరో శ్రోతను నాశనం చేయవచ్చు, చివరికి జాబితాకు యజమాని అయిన ఆబ్జెక్ట్‌నే తొలగించవచ్చు. లూప్‌ను చదివేవారికి ఇవేవీ కనిపించవు, అన్నీ పిలుపు లోపల జరుగుతాయి. అందుకే మూడు జాగ్రత్తలు వాడుకలో ఉన్నాయి. తొలగించాల్సిన గడిని ఖాళీగా గుర్తించి నడక ముగిశాక సర్దడం ఒకటి. బలహీన రిఫరెన్స్ ఉంచుకుని, పిలిచే ముందు ఆబ్జెక్ట్ బతికి ఉందో లేదో చూసి, పిలుపు ముగిసేదాకా బలమైన రిఫరెన్స్‌తో పట్టుకోవడం రెండోది. సి++11లోని వీక్_పీటీఆర్, షేర్డ్_పీటీఆర్ జంట ఇందుకే ఉంది. విధ్వంసాన్నే వాయిదా వేసి, ఈవెంట్ లూప్ తర్వాతి చుట్టులో చేయడం మూడోది. క్యూటీ లైబ్రరీలోని డిలీట్‌లేటర్ చేసేది ఈ పనే.

## అనేక థ్రెడ్ల మధ్య

నడిచే థ్రెడ్ ఒకటి, మార్చే థ్రెడ్ మరొకటి అయితే తాళం వేయడం సాధారణ మార్గం. తాళం లేకుండా నడవాలంటే, ఎవరైనా ఇంకా చూస్తున్న నోడ్‌ను ఎప్పుడు విడుదల చేయవచ్చన్న ప్రశ్న ముందుకు వస్తుంది. లినక్స్ కెర్నల్‌లో 2002 అక్టోబర్‌లో 2.5.43 వెర్షన్‌తో చేరిన ఆర్‌సీయూ దీనికి ప్రసిద్ధమైన జవాబు. దీని వెనక ప్రధానంగా పాల్ మెకెన్నీ కృషి ఉంది. నోడ్‌ను ముందు జాబితా నుంచి తప్పిస్తారు. ఆ క్షణానికి చదువుతూ ఉన్నవారంతా ముగించేదాకా ఆగి, ఆ తర్వాతే మెమరీని విడుదల చేస్తారు. 2004లో మాగెడ్ మైకేల్ వివరించిన హజార్డ్ పాయింటర్లలో ప్రతి థ్రెడ్ తాను చూస్తున్న నోడ్ చిరునామాను బహిరంగంగా ప్రకటిస్తుంది. ఎవరి ప్రకటనలోనూ లేని నోడ్‌నే విడుదల చేస్తారు. జావాలోని కంకరెంట్ హ్యాష్‌మ్యాప్‌కు గార్బేజ్ కలెక్టర్ తోడు ఉంది కాబట్టి విడుదల చింత లేదు. దాని ఇటరేటర్ ఎక్సెప్షన్ విసరదు, నడక మొదలయ్యాక జరిగిన మార్పులు కనబడవచ్చు, కనబడకపోవచ్చు.

## లూప్ చలరాశి జీవితకాలం

కంటైనర్ మారకపోయినా లూప్ చలరాశి వల్లే తప్పు జరగవచ్చు. గో భాషలో చాలాకాలం లూప్ మొత్తానికి ఒకే చలరాశి ఉండేది, ప్రతి చుట్టులో దాని విలువ మాత్రమే మారేది. ఆ చలరాశి చిరునామాను దాచుకుంటే అన్ని చుట్ల నుంచీ ఒకే చిరునామా వచ్చేది. 2020 ఫిబ్రవరి 29న ఉచిత సర్టిఫికెట్ల సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ తమ సాఫ్ట్‌వేర్‌లో కనుగొన్న లోపం ఈ కోవలోదే. ఒక అభ్యర్థనలో అనేక డొమైన్ పేర్లను మళ్లీ పరిశీలించాల్సి వచ్చినప్పుడు, వాటిలో ఒకే పేరును అన్నిసార్లు పరిశీలించేది. సుమారు 30 లక్షల సర్టిఫికెట్లపై దీని ప్రభావం పడింది. సి షార్ప్ 2012లో తన ఐదో వెర్షన్‌లో ఫర్‌ఈచ్ నియమాన్ని ప్రతి చుట్టుకూ కొత్త చలరాశి వచ్చేలా మార్చింది. గో 2024 ఫిబ్రవరిలో 1.22 వెర్షన్‌తో అదే మార్పు చేసింది.

లినక్స్ కెర్నల్‌లో సమస్య ఇంకో తీరుగా వచ్చింది. పాత సి ప్రమాణం ప్రకారం లూప్ చలరాశిని లూప్‌కు వెలుపలే ప్రకటించాలి. కాబట్టి లూప్ ముగిశాక కూడా అది అందుబాటులో ఉంటుంది. జాబితా అంతా చూసేశాక ఆ చలరాశి సూచించేది అసలు మూలకాన్ని కాదు, జాబితా తలను మూలకంగా భ్రమపడి లెక్కించిన చిరునామాను. దాన్ని వాడేసిన కోడ్ పలుచోట్ల కనబడింది. చలరాశిని లూప్ లోపలే ప్రకటించే వీలు కోసం 2022 మేలో వచ్చిన 5.18 వెర్షన్‌తో కెర్నల్ సి11 ప్రమాణానికి మారింది.

## భద్రతా ప్రాముఖ్యం, పసిగట్టే సాధనాలు

యూజ్ ఆఫ్టర్ ఫ్రీ లోపాలు ప్రోగ్రామ్‌ను కూల్చడంతో ఆగవు. విడుదలైన మెమరీలో దాడి చేసేవారు తమకు కావలసిన డేటాను ప్రవేశపెట్టగలిగితే ప్రోగ్రామ్ నడకను తమ చేతుల్లోకి తీసుకోగలరు. 2020లో క్రోమియం ప్రాజెక్ట్ ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, ఆ బ్రౌజర్‌లో తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవి, వాటిలో సగం యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే లోపాలకు సంబంధించి మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2019లో చెప్పిన నిష్పత్తి కూడా 70 శాతం దగ్గరే ఉంది.

పరీక్ష దశలో వీటిని పట్టేందుకు 2002లో వాల్‌గ్రైండ్, 2012లో గూగుల్ ఇంజనీర్లు పరిశోధన పత్రంగా వివరించిన అడ్రస్ శానిటైజర్ వచ్చాయి. అడ్రస్ శానిటైజర్ విడుదలైన మెమరీని వెంటనే మరొకరికి ఇవ్వకుండా కొంతకాలం విడిగా ఉంచి, దాన్ని తాకినవారిని పట్టిస్తుంది. వెక్టర్ తరలిపోయాక పాత ఇటరేటర్‌ను వాడితే ఇది సాధారణంగా చెప్పగలదు. అదే వెక్టర్‌లో మధ్య మూలకాన్ని ఎరేజ్ చేశాక పాత ఇటరేటర్‌ను వాడితే ఏమీ అనదు. అక్కడి మెమరీ సజీవంగానే ఉంది, అందులో ఒక సరైన ఆబ్జెక్టూ ఉంది, అది మనం అనుకున్నది కాదు అంతే. దాన్ని పట్టాలంటే ప్రతి ఇటరేటర్‌కూ దాని కంటైనర్‌తో లంకె ఉంచి, ఎరేజ్ జరిగినప్పుడు చెల్లనివాటిని గుర్తించే డీబగ్ లైబ్రరీ కావాలి. జీసీసీ, మైక్రోసాఫ్ట్ కంపైలర్లు రెండూ అలాంటి స్థితిని అందిస్తాయి. వేగం బాగా తగ్గుతుంది కనుక దాన్ని విడుదల బిల్డ్‌లో ఆపి ఉంచుతారు.